అంచు లోపలికి

“అలా మడవకే! అంచు బయటికి రావాలి!” అని మొన్న మా అమ్మాయి మీద కేకలేశాను. పాపం, ఆరేసిన చీరలు తెచ్చి మడతపెడుతోంది పిల్ల. చెప్పకుండా పని చేస్తే సంతోషించాలి గానీ మీదపడి అరుస్తారా ఎవరైనా? “ఎలా మడిస్తే ఏటమ్మా, బీరువాలోకే కదా,” అని విసుక్కుని, చీర మంచం మీద పడేసి వెళ్ళిపోయింది. నేనే ఆ చీర విప్పి, అంచు బయటికి వచ్చేలా మళ్ళీ మడిచాను. మడిచి, లేవబుద్ధి కాక అక్కడే కూర్చుండిపోయాను.

అంచు లోపలికి మడిచిన చీర కంటపడితే నాకు ఆ మనిషి గుర్తొస్తాడు. పేరు తెలీదు. ఇరవై ఏళ్ళు ఆయన చేతి మీదుగా చీరలు కొన్నాను, పేరు అడగాలని తోచలేదు. మా వీధిలో ఎవరికీ తోచలేదు. కోకల బాబు అనేవాళ్ళం, అంతే. ఆయన మమ్మల్నందర్నీ అప్పా అని పిలిచేవాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. తనకంటే పదేళ్ళు చిన్నదాన్ని కూడా అప్పా అనే అనేవాడు. అమ్ముకునేవాడికి కొనేవాళ్ళందరూ పెద్దవాళ్ళే.

విజయనగరంలో గంటస్తంభానికి కాస్త అవతల ఉండేది ఆ బట్టల కొట్టు. మేడ మీద చీరల గది. తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ పెన్సిలుతో ఏదైనా రాయగా నేను చూడలేదు. మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి మొహం చూసేవాడు కాదు, పరుపు పక్కన విప్పిన చెప్పులు చూసేవాడు. దాన్నిబట్టి ఎంత ధరలో చూపించాలో తేల్చుకునేవాడు. “మొకాలు అబద్దమాడతాయి అప్పా, సెప్పులాడవు,” అనేవాడు. నా చెప్పులు చూసి ఎప్పుడూ మధ్యరకమే తీసేవాడు. ఒళ్ళు మండేది గానీ, తప్పేం కాదు, నేను మధ్యరకమే.

నల్లగా, సన్నగా ఉండే మనిషి. గులాబీరంగు జార్జెట్టు చీర విప్పి, కుచ్చిళ్ళు పట్టి, పైట తన భుజం మీదే వేసుకుని, మీసాల కింద నవ్వు దాచుకుంటూ “ఎలాగున్నానప్పా?” అని అడిగేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. “నవ్వండి, నవ్వండి. నవ్వినోలు కొనకుండా ఎల్రు,” అనేవాడు. ఎన్ని విప్పించినా విసుగు లేదు. ఒక్కొక్కప్పుడు మాకే మొహమాటం వేసి చాలు బాబూ అంటే, “సూడ్డానికి డబ్బులెందుకప్పా, సూడండి,” అని ఇంకో పది విప్పేవాడు. మా అందరి బీరువాలూ ఆయనకి తెలుసు. “నిరుడు దసరాకి ఆకుపచ్చది తీసుకున్నారు గదా, దానికి ఈ నారింజరంగు తోడు,” అనేవాడు. ఇంటికొచ్చి పక్కపక్కన పెట్టి చూస్తే నిజమే.

ఇక ఆ మడత. ముందు అంచుని రెండు వేళ్ళ మధ్య ఒకసారి రుద్ది చూసేవాడు. చీర మంచిదైతే అంచు బయటికి కనబడేలా మడిచి కుడి పక్కన పెట్టేవాడు. బాగా లేనిదైతే, జరీ నల్లబడేదో, రంగు దిగేదో అయితే, నోటితో మాత్రం పొగుడుతూనే, అంచు లోపలికి మడిచి ఎడం పక్కన పెట్టేవాడు. షావుకారు అదే గదిలో గల్లాపెట్టె వెనకే కూర్చునేవాడు. ఇన్నేళ్ళలో ఆయన కనిపెట్టలేదు. పాత ఖాతాదారులం ఓ నలుగురైదుగురికి మాత్రం తెలుసు. మాకూ చెప్పి చెయ్యలేదు, చూసి చూసి మేమే తెలుసుకున్నాం. ఎడం పక్కకి వెళ్ళిన చీర మేం ముట్టుకునేవాళ్ళం కాదు. “ఎందుకు బాబూ, ఆయన తిండి తింటూ?” అని ఒకసారి షావుకారు భోజనానికి వెళ్ళినప్పుడు అడిగాను. “రేపు మల్లీ మీ మొకం సూడాల గదప్పా,” అన్నాడు.

మా బావ పోయిన రోజున వెళ్ళాను ఆ కొట్టుకి. పుట్టింటి తరఫున మా అప్పకి పదోరోజు పెట్టాల్సిన చీర. ఒక కోక కావాలి బాబూ అని మాత్రమే అన్నాను. ఆయన అలవాటుగా నా చెప్పులవైపు చూశాడు. కంగార్లో రెండు కాళ్ళకి రెండు రకాలు వేసుకొచ్చాను. చెవి మీది పెన్సిలు తీసి కింద పెట్టాడు. “ఎవరప్పా?” అన్నాడు. చెప్పాను. చీర విప్పలేదు. రెండోది చూపించలేదు. ఒక్కటి తీసి, కొట్టు సంచిలో కాకుండా పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. ధర చీటీ చూసి నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఈ కోకకి బేరం ఆడకూడదప్పా. రెండోది సూడకూడదు. ఆడితే పోయినోల్లకి తక్కువ సేసినట్టు.”

అని లేచి, షావుకారు దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పి వచ్చాడు. చీటీ మీద ఉన్నదానికంటే తగ్గించే తీసుకున్నారు. “బేరం నానాడీసినాను. ఆ దోసం మీకంటదు,” అన్నాడు. ఆ మాటకి నాకు కొట్లోనే ఏడుపొచ్చింది.

తర్వాత దేశమంతటా ఆ జబ్బు వచ్చింది, కొట్లు మూశారు. మా ఆయనది సర్కారు ఉద్యోగం. ఇంట్లో కూర్చున్నా జీతం వచ్చింది. ఇది ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఇకముందు చెప్పేదానికి మా ఇంట్లోనూ ఏదో ఇబ్బంది ఉండుంటుందని ఎవరైనా జాలిపడతారు. మాకు ఏ లోటూ లేదు. రోజుకో పిండివంట చేసుకుని తిన్నాం.

కొన్ని నెలలకి కొట్టు తీశారు గానీ ఆయన్ని రమ్మనలేదు. ఫోను పట్టుకుని వీడియోలో చీరలు చూపించే కుర్రవాళ్ళు ఇద్దర్ని ఉంచుకుని మిగతావాళ్ళని మానిపించాడు షావుకారు. రావాల్సిన మూడు నెలల జీతానికి బదులు ఒక మూట ఇచ్చాడు. అమ్మకం కాకుండా పడి ఉన్న పాత చీరలు. “ఇవి అమ్ముకో, జీతం కంటే నీకే ఎక్కువొస్తాది,” అన్నాడట. ఆ మూటలో ఏ చీరలున్నాయో వేరే చెప్పాలా? ఇన్నేళ్ళూ మా కోసం ఆయన అంచు లోపలికి మడిచి ఎడం పక్కన పెట్టినవే. ఆయన పెట్టబట్టే మేం ముట్టుకోక అవి మిగిలిపోయాయి.

ఆ మూట సైకిలు వెనక కట్టుకుని మా వీధికి వచ్చాడు. మూతికి జాకెట్టుగుడ్డతో కుట్టిన ముసుగు. మమ్మల్ని కాదని ఎక్కడికి పోతాడు, పాత ఖాతాలం కదా. మేం వరండాలో కుర్చీలేసుకుని కూర్చున్నాం, ఆయన్ని మెట్ల కిందే ఉండమన్నాం. దుప్పటి పరిచి మూట విప్పబోతే ఎదురింటావిడ “ఉండు, ఉండు” అని పరుగున వెళ్ళి శానిటైజరు తెచ్చి, మూట మీద బుస్సుబుస్సుమని కొట్టింది. పైనున్న చీర మీద మచ్చలు పడ్డాయి. “పర్వానేదప్పా, ఆరిపోతాది,” అని తువ్వాలుతో అద్దాడు. ఆరినా మచ్చ పోలేదు. మజ్జిగ అడిగితే కాగితం గ్లాసులో, ముట్టుకోకుండా, పైమెట్టు మీద పెట్టి వెనక్కి జరిగాను. పెట్టింది నేనే.

పెళ్ళిళ్ళు లేవు, పేరంటాలు లేవు, గుళ్ళు మూసేశారు. మాకు ఇళ్ళల్లో తోచి చావడం లేదు. ఆయన వస్తే ఆ గంట కాలక్షేపం అయ్యేది. ఆ నీలం విప్పు, ఆ చుక్కలది విప్పు అని మూటంతా విప్పించేవాళ్ళం. కొనేది ఎవరు? కట్టుకుని ఎక్కడికెళ్ళాలి? ఒకరోజు ఆయనే నెమ్మదిగా అడిగాడు, “ఒకటైనా తీసీమంటారా అప్పా?” అని. దానికి ఎదురింటావిడ ఏమందో తెలుసా? “సూడ్డానికి డబ్బులెందుకని నువ్వే కదా బాబూ అంటావు!” అంది. అందరం ఘొల్లున నవ్వాం. ఆయనా నవ్వాడు. ముసుగు వెనక నవ్వో కాదో ఎవరు చూశారు. అలవాటుగా మా కాళ్ళవైపు చూశాడు. ఇంట్లో ఉన్నవాళ్ళం, ఎవరి కాళ్ళకీ చెప్పుల్లేవు. మమ్మల్ని కొలుచుకోవడానికి ఆయనకి ఆ ఆధారం కూడా లేకుండా పోయింది. మేం లోపలికొచ్చి టీవీ పెట్టుకున్నాక కూడా, ఆయన ఒక్కడే ఆ విప్పిన చీరలన్నీ మడుచుకుంటూ అరగంటసేపు మెట్ల దగ్గరే ఉండేవాడు. అలా రెండు వారాలు.

మూడో వారం, బుధవారం, మా ఇంటికి ఒక్కదానికే వచ్చాడు. ఇంకెవరినీ పిలవొద్దన్నాడు. “ఇంటోడు శనోరం దాకా గడువిచ్చినాడప్పా. అప్పటికి అద్దె బాకీ తీర్సకపోతే సామాన్లు రోడ్డు మీదెట్టీస్తానన్నాడు. ఎక్కువొద్దు, నాలుగు కోకలెల్తే సాలు, గట్టెక్కీస్తాను. మీరొకటి తీసుకుంటే నలుగురూ తీసుకుంటారు,” అన్నాడు.

నాలుగు చీరల డబ్బు నా దగ్గర ఉంది. బీరువాలోనే ఉంది. ఆ మాట తలుచుకోకుండా ఇది రాయలేను.

వంకాయరంగు చీర ఒకటి తీశాడు. వెడల్పాటి జరీ అంచు. పైట భుజం మీద వేసుకోలేదు ఈసారి. దూరం నుంచే చూపించి, “పదేళ్ళు కట్టినా ఈ జరీ నల్లబడదప్పా. ఇలాంటి సరుకు ఇప్పుడు రావట్నేదు,” అన్నాడు. ఆయన నోట ఎన్ని పొగడ్తలు విన్నానో. కానీ మాట మీద చెయ్యి కాపలా ఉండేది కాబట్టి ఏదీ అబద్ధమని అనిపించలేదు. ఇది మొదటి అబద్ధం. చెప్తూనే చీర మడిచాడు. మడిచి, అంచు లోపలికి పెట్టి, ఎడం పక్కన పెట్టాడు.

పెట్టాక చూసుకున్నాడు. చటుక్కున తీసి, మళ్ళీ విప్పి, అంచు బయటికి మడవబోయాడు. చీర చేతిలోంచి జారిపోయింది.

చూడనట్టు ఊరుకోవచ్చు నేను. ఎంతసేపు పని? లోపలికెళ్ళి మంచినీళ్ళు తెస్తానని లేచినా సరిపోయేది. “ఏటి బాబూ, ఎడం పక్కకెల్లిందేటి?” అన్నాను.

“అలవాటప్పా,” అన్నాడు తలెత్తకుండా.

“మొకాలు అబద్దమాడతాయి, సేతులాడవు,” అన్నాను. ఆయన మాటే ఆయనకి తిప్పికొట్టానని లోపల ఎంత సంబరమో! “సగానికిస్తే తీసుకుంతాను.”

“సగానికా అప్పా...”

“నల్లబడే జరీకి సగం ఎక్కువే.”

వాదించలేదు. “మీరు సూసీసినారు గదా, ఇంకేటంతాను,” అని చీర మెట్టు మీద పెట్టాడు. డబ్బు అందుకుని కళ్ళకద్దుకున్నాడు. “బోణీ అప్పా,” అన్నాడు. మూడు వారాలకి అదే బోణీ అని నాకప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేశాను? ఏమీ చెయ్యలేదు. నాకు ఆ చీర అక్కర్లేదు. గెలిచానని కొన్నాను.

పోనీ అక్కడితో ఊరుకున్నానా? మధ్యాహ్నం ఎదురింటావిడని గోడ దగ్గరికి పిలిచి చెప్పాను. నలుగురైదుగురం ఇరవై ఏళ్ళు కడుపులో దాచుకున్న మాట, అంచు లోపలికి పెడితే ఏమిటో, ఎడం పక్కన పెడితే ఏమిటో, అంతా విప్పి చెప్పాను. ఎంత తెలివైనదాన్నో ఆవిడకి తెలియాలి కదా. సాయంత్రానికి వీధిలో అందరికీ తెలిసిపోయింది.

శుక్రవారం వచ్చాడు. ఎప్పుడూ లేంది తొమ్మిదిమంది ఆడవాళ్ళం వరండాలో. అంతమందిని చూసి ఆయన మొహం వికసించింది పాపం, గబగబా దుప్పటి పరిచాడు. మేమెవరం చీరలు చూడలేదు. ఆయన చేతులు చూశాం. విప్పుతున్నంతసేపూ మాట్లాడుకుని, మడిచే వేళకి అందరం ఒక్కసారి నోరుమూసుకుని ముందుకి వంగేవాళ్ళం. మొదటి రెండు చీరలకి ఆయనకి అర్థం కాలేదు. మూడోదానికి అర్థమైంది. నావైపు ఒక్కసారి చూశాడు. నేను వేరే చీర చూస్తున్నట్టు తల తిప్పుకున్నాను.

అప్పట్నుంచి తన చేతుల్ని తనే చూసుకుంటూ మడవడం మొదలుపెట్టాడు. పిల్లలు అ ఆలు దిద్దినట్టు నెమ్మదిగా, అంచు బయటికి, అంచు బయటికి. ఒక చీరకి మడత సగంలో చెయ్యి లోపలికి తిరగబోయింది. ఆపి, రెండో చేత్తో పట్టుకుని సరిచేశాడు. ఎదురింటావిడ చప్పట్లు కొట్టింది. “ఓలమ్మో, సేతులు మొరాయించీసినాయి!” అంది. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే ముందు.

ఆయన మడవడం ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇరవయ్యేల్లు మీ కోసరం మడతెట్టినాను. ఈ వారం ఒక్కటీ నా కోసరం మడతెట్టుకుంతన్నాను. ఒగ్గీండప్పా,” అన్నాడు.

వదిలెయ్యమని అడిగాడే గానీ, కోపంగా అనలేదు. కోపంగా అనుంటే మేమూ ఒక మాట అని సరిపెట్టుకునేవాళ్ళం. ఎవరం ఏమీ కొనలేదు. అన్నీ చెత్త సరుకే అని ఆయన చేతులే ఒప్పుకున్నాక ఎవరు కొంటారు? మిగతా చీరలు మడవకుండానే మూటలో కుక్కుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

శనివారం సాయంత్రం ఎదురింటావిడ ఆయన ఉండే వీధి మీదుగా వెళ్ళి చూసొచ్చి చెప్పింది. “సామాన్లు బయటెట్టీసినాడే ఇంటోడు. గాసుపొయ్యి, కుట్టుమిషను, బిందెలు, అన్నీ రోడ్డు మీదే. ఆడి పెల్లాం కోకల మూట మీద కూకునుంది.” పాపం అంది. నేనూ పాపం అన్నాను. ఆ పూట మా ఇంట్లో చేపల పులుసు.

భార్యతో సహా భోగాపురం అవతల అత్తవారి ఊరు పోయాడని తర్వాత తెలిసింది. అది మా పుట్టింటికి పక్క ఊరే. మా వదిన అప్పుడప్పుడూ ఫోన్లో చెప్పేది. ఆయన మట్టిపనికి వెళుతున్నాడట. చీరలు తప్ప ఇంకేదీ పట్టని చేతులు కదా, మొదటి వారమే బొబ్బలెక్కి చీము పట్టాయట. ఆ మూట అక్కడా ఎవరూ కొనలేదు. కొట్లో ఉన్నప్పుడు ఏడాదికి వందల చీరలు అమ్మిన మనిషి, “మీ అల్లుడు నోరు లేనోడు, ఏటమ్ముతాడు,” అని అత్తవారి ఊళ్ళో అనిపించుకున్నాడు.

మరుసటి వేసవిలో, జబ్బు రెండోసారి లేచినప్పుడు, పోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళారో లేదో వదినకి తెలీదు. పదోరోజు ఫలానా నాడు అని చెప్పింది. ఆ రోజుల్లోనే ఎలాగూ నేను మా అన్నయ్య ఇంటికి వెళ్ళాల్సిన పని పడింది. పక్క ఊళ్ళో ఉండి, తెలిసి, వెళ్ళకపోతే బాగుండదు. వెళితే చీర పట్టుకెళ్ళాలి.

కొట్లన్నీ మూసేశారని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పొద్దున పూట తీసే ఉంచుతున్నారు. బీరువా తెరిస్తే వంకాయరంగు చీర కనబడింది. ఒక్కసారి కూడా కట్టలేదు, కొత్తదే. అదెందుకు వృథాగా పడి ఉండాలి అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను. మడత నలిగి ఉంటే నేనే విప్పి, అంచు బయటికి కనబడేలా చక్కగా మడిచి, పాత పేపర్లో చుట్టుకుని బయల్దేరాను. ఈ చీరకి బేరం ఆడకూడదన్న మాట బస్సులో గుర్తొచ్చింది. అప్పటికి సగం దూరం వచ్చేశాను.

పది పన్నెండుమంది కంటే లేరు. ఆయన భార్యని నేను అంతకుముందు చూడలేదు. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒక్కొక్కరూ వెళ్ళి ఒళ్ళో చీర పెడుతుంటే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు ఒకసారి రుద్ది చూసి, కుడి పక్కన పెడుతోంది. ఆ రుద్దడం చూశాను. అచ్చం ఆయన చెయ్యే. వెనక్కి పోదామంటే వదిన వీపు మీద చెయ్యి వేసి ముందుకి నెట్టింది. పేపరు విప్పి ఒళ్ళో పెట్టాను.

ఆమె అంచు రుద్దింది. అక్కడే ఆగింది. తలెత్తి నా మొహం చూడలేదు, నేను నిలబడ్డచోట కాళ్ళు చూసింది. తర్వాత తొందరేమీ లేకుండా చీర విప్పి, అంచు లోపలికి పెట్టి మడిచి, ఎడం పక్కన పెట్టింది. అటుపక్కన ఇంకో చీర లేదు.

“అదేటే, అదొక్కటీ పక్కకెట్టీసినావు?” అని అడిగింది దగ్గరున్న ముసలమ్మ.

“అది ఆయన ఎప్పుడో పక్కనెట్టీసిందేలే పిన్నీ,” అంది.